గులాబీలో కూచున్న ముల్లు

ఆ శనివారం పొద్దున బీరువామ్మగారికి రెండు వారాల జ్వరం వదిలింది. ఒళ్లు దూదిలా తేలుతోంది. గోడలు మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టున్నాయి. కిటికీ ఎండ వంటగది గోడ మీద మీగడలా పరుచుకుంది. పెట్టుకున్న పని చిన్నదే: క్యాలెండర్ ముల్లు ఓ గడి జరపడం, చర్చికెళ్లి రేపటి పూజకు వస్త్రాలు తీసిపెట్టడం.

ఆ క్యాలెండర్ గుండ్రటిది. ఆదివారానికో గడి, గడికో చిన్న బొమ్మ, బొమ్మ వెనక ఆ వారం ఫాదర్‌గారు వేసుకోవలసిన రంగు. పండుగలకు తెలుపు, మామూలు వారాలకు ఆకుపచ్చ, ఉపవాసాల తపస్సు కాలానికి ఊదా. చర్చి వస్త్రాల బీరువా ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ అసలు పేరు ఆ బీరువాలోనే ఏ మడతలోనో పోయింది.

జ్వరంలో ఉండగా తాళంచెవి పాటల టీచరుకు వెళ్లింది. ఫాదర్‌గారు ముందురోజే ఫోన్ చేశారు. "టీచరు ఒక్క పొరపాటూ చేయలేదమ్మా. మీకూ వయసైంది. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంచేద్దామా? ఆదివారం బిషప్‌గారు వస్తున్నారు, ఆయన్నే అడుగుదాం." ఇప్పుడు ఆ మాట తలుచుకోగానే తగ్గిన జ్వరం గుమ్మం దాకా వచ్చి తొంగిచూసింది.

ఆవిడ ముల్లు జరిపారు. అది గులాబీ గడిలో ఆగింది. తపస్సు కాలం నాలుగో ఆదివారం ఊదా పక్కనపెట్టి గులాబీ వేస్తారు. ఉపవాసాల నడుమ ఒక్కరోజు ఆనందం. ఆ రోజు పీఠానికి పూలు పెట్టొచ్చు, వాద్యాలు గట్టిగా మోగించొచ్చు. 'అప్పుడే నాలుగోదా! జ్వరం ఓ వారాన్ని మింగేసిందన్నమాట' అనుకున్నారు. తెల్లవారుజామున ఆసుపత్రి డ్యూటీకి వెళ్తూ కోడలు, జ్వరం రోజుల్లో పడ్డ అలవాటుకొద్దీ, అదే ముల్లును ఓ గడి జరిపేసిందని ఆవిడకేం తెలుసు? గులాబీకి ముల్లుంటుందంటారు. ఇక్కడ ముల్లే వెళ్లి గులాబీలో కూచుంది.

"గులాబీనా? వచ్చే వారం కదండీ?" అంది పాటల టీచరు, చర్చిలో తాళంచెవి ఇస్తూ.

"రెండు వారాలు తాళం పట్టుకుని నాకు కాలం నేర్పుతావుటమ్మా? నువ్వు తాళం వేసుకో, పాటకి."

టీచరు చిన్నబుచ్చుకుని, ఆ కసి హార్మోనియం మీద తీర్చుకోవడానికి ఆనంద గీతాలు ఏరుకుంది. పూజలో చదివే పఠనాల పుస్తకంలో గుర్తు రిబ్బన్ కూడా బీరువామ్మగారే ముందుకు జరిపారు. పూలామె రెండు బుట్టలు దింపింది. ఫాదర్‌గారికి చిన్న అనుమానం వచ్చింది కానీ, ఆయన క్యాలెండర్ బల్ల వెనక పడి ఆరు నెలలైంది. "బీరువామ్మ చెప్పారంటే అంతే" అన్నారు. సాయంత్రం బిషప్‌గారి డ్రైవర్ ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, రేపు అయ్యగారికి ఏ రంగు వస్త్రం సర్దమంటారు?"

"గులాబీ, నాయనా. ఇస్త్రీ చేసి మరీ సర్దు."

ఆదివారం చర్చి కలలో కనిపించే చర్చిలా ఉంది. గులాబీ వస్త్రంలో బిషప్‌గారు, పక్కన గులాబీ వస్త్రంలో ఫాదర్‌గారు, పొగలో పూలు, పూలలో ఎండ. పాట మొదలవగానే పైకప్పు ఓ మూరెడు పైకి లేచినట్టయింది. బిషప్‌గారిని చూసి ఫాదర్‌గారు ధైర్యపడ్డారు, ఫాదర్‌గారిని చూసి బిషప్‌గారు. రెండు వారాలుగా మొహాలు ముడుచుకున్న జనం నవ్వడం మొదలెట్టారు.

ముందురోజు నుంచి వరసగా రెండు డ్యూటీలు చేసి నేరుగా వచ్చిన కోడలు వెనక బెంచీలో అత్తగారి పక్కన కూలబడింది. "ఇదేంటి అత్తయ్యా, ఇవాళ మూడో వారమేగా?"

"నాలుగో వారమే తల్లీ. నిన్న పొద్దున నేనే ముల్లు జరిపాను."

"మీరూ జరిపారా? నేను వెళ్తూ జరిపే వెళ్లానుగా!"

బీరువామ్మగారి మొహంలో మాత్రం ఏ రంగూ మిగల్లేదు. ఇరవై రెండేళ్లు ఊళ్లో అందరికీ రంగులు చెప్పిన మనిషి రంగు ఇవాళ బయటపడబోతోంది.

పూజ ముగిశాక ఆవిడ తాళంచెవి అరచేతిలో పట్టుకుని వస్త్రాల గదిలోకి వెళ్లారు. బిషప్‌గారు ఒక్కరే ఉన్నారు.

"అయ్యగారూ, తప్పు నాదే. ఇవాళ ఊదా వేయాలి. ముల్లు నేనో గడి, మా కోడలో గడి జరిపాం. తాళం టీచరుకే ఇచ్చేయండి."

బిషప్‌గారు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా అమ్మా?"

"మా కోడలికి తెలుసండి."

"ఆ పిల్లనీ ఎవరికీ చెప్పొద్దను. పొద్దున వస్తూ దారిలో రెండు చర్చిల్లో ఆగాను. ఇద్దరు ఫాదర్లు ఊదా వేసుకుని నిలబడ్డారు. ఏ వారమో కూడా తెలీదా, ఒక్కసారి బీరువామ్మను అడగలేరా అని చీవాట్లు పెట్టి, దగ్గరుండి గులాబీ వేయించాను."

"అయ్యో!"

"నీ తాళం పోతే ఎందుకు పోయిందని అడుగుతారు. అడిగితే నా సంగతీ వస్తుంది." ఆయన ఆవిడ వేళ్లు ముడిచి తాళంచెవి మీద మూశారు. "ఇది నువ్వే ఉంచుకోవాలి. నా ఆజ్ఞ."

మరుసటి వారం నిజం గులాబీ ఆదివారం వచ్చింది. ఆ ఏడు మూడు చర్చిల్లో ఆనందాన్ని రెండుసార్లు పాటించారు, ఎక్కువైందని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు.