ముప్పై మూడో క్వార్టర్‌బ్యాక్

సౌదీ అరేబియాలోని జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ సైట్ ఆఫీసులో సెప్టెంబరు రెండో వారం నుంచి ప్రతి ఉదయం ఆరు గంటలకు అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌ల ఆరోగ్యంపై సమీక్ష జరుగుతోంది. పెట్రోకెమికల్ ప్లాంటును ఆపి చేసే మరమ్మతులపై, అంటే షట్‌డౌన్ పనులపై సమీక్ష ఆ తర్వాత, సమయం మిగిలితే జరుగుతుంది.

ఆట తెలియని పాఠకుల కోసం కొన్ని వివరాలు. పేరు ఫుట్‌బాల్ అయినా ఇందులో బంతిని చేత్తో విసురుతారు. విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతణ్ణి పడగొట్టడం ఎదుటి జట్టు పని. పడగొట్టాక రెండు జట్లూ కలిసి అతను లేస్తాడా లేవడా అని విచారిస్తాయి. మొత్తం ముప్పై రెండు జట్లు. ఏ ఆటగాడికి ఎక్కడ దెబ్బ తగిలిందో, వచ్చే ఆటకు దిగుతాడో లేదో ప్రతి జట్టూ ప్రతి వారం రాసి లోకానికి ప్రకటించాలి. మోకాలైతే మోకాలని, చీలమండైతే చీలమండని రాయాలి. దాచితే శిక్ష ఉంటుంది.

కంపెనీ ప్రాజెక్టు మేనేజర్ అమెరికన్. ఆయనకు ఈ నియమం మీద గౌరవం ఉంది. గల్ఫ్‌లోని ఇతర ప్రాజెక్టుల మేనేజర్లు పదకొండు మంది ఆయనతో కలిసి ఒక ఊహా లీగ్ నడుపుతున్నారు. ఒక్కొక్కరు నిజమైన ఆటగాళ్ళను ఎంచుకుని కాగితం మీద జట్టు కట్టుకుంటారు. ఆటగాడు అక్కడ పరిగెత్తితే మేనేజర్‌కు ఇక్కడ పాయింట్లు వస్తాయి. ఆటగాడి కాలు విరిగితే మేనేజర్ ఆ పూట భోజనం చెయ్యడు.

ఈ సీజన్ మొదటి వారంలోనే ఏడుగురు క్వార్టర్‌బ్యాక్‌లు గాయపడ్డారు. ఆ మంగళవారం ఉదయం పదిన్నరకు హీట్ ఎక్స్‌చేంజర్ దగ్గర బరువులెత్తే చైన్ బ్లాక్ జారి, ఎనిమిది అంగుళాల పైపు ముక్క ఎంప్లాయీ నంబరు 4417 ఎడమ చీలమండ మీద పడింది. మొదటి సంఘటనపై నలభై నిమిషాల చర్చ జరిగింది. రెండోది సంఘటన కాదని తేలింది.

దానికి కారణం గేటు దగ్గరి బోర్డు. ప్రమాదం వల్ల ఒక్క పనిరోజు కూడా పోకుండా కంపెనీ పూర్తి చేసిన పని గంటలు ఆ బోర్డు మీద ఉంటాయి. ఆ రోజుకు తొంభై ఏడు లక్షలు. కోటి దాటితే క్లయింటు అవార్డు ఇస్తుంది. ఎవరైనా గాయపడి మర్నాడు పనికి రాకపోతే బోర్డు సున్నాకు వస్తుంది. కాబట్టి ఈ కంపెనీలో గాయపడ్డవాళ్ళు మర్నాడు పనికి వస్తారు. నడవలేనివాణ్ణి బండిలో తెచ్చి ఆఫీసులో కుర్చీలో కూర్చోబెడతారు. దీన్ని లైట్ డ్యూటీ అంటారు. కుర్చీలో ఉన్నవాడు హాజరైనట్టు. హాజరైనవాడు క్షేమంగా ఉన్నట్టు.

4417 పేరు నాగేందర్. జగిత్యాల జిల్లా. పైపు ఫిట్టరుగా తొమ్మిదేళ్ళ నుంచి జుబైల్‌లో ఉన్నాడు. ఫిట్టరు పని నిచ్చెనలు ఎక్కి దిగే పని. ఎక్కలేని ఫిట్టరుకు వీసా రద్దు చేసి, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. ఈ సంగతి నాగేందర్‌కు తెలుసు. అందుకే సైట్ క్లినిక్ నర్సు ఐసు పెట్టి, మాత్రలిచ్చి, ప్రథమ చికిత్స అని రాసి పంపాక అతను సేఫ్టీ ఆఫీసర్ మస్తాన్ వలీ దగ్గరికి వెళ్ళాడు. మస్తాన్ వలీది కడప.

"ఎక్స్‌రే తీపియ్యుండ్రి అన్నా. కాలు కింద పెట్టొస్తలేదు."

"ఎక్స్‌రే తీస్తే ఏదో ఒకటి కనపడ్తాది నాయనా. కనపడ్తే రాయల్ల. రాస్తే బోర్డు సున్నా. కోటికి ఇంగ మూడు లచ్చలే ఉండాయి. నువ్వే జెప్పు, నన్నేం జెయ్యమంటావు?"

"మరి కాలు?"

"కింద పెట్టొద్దు. కుర్చీ ఉండాది గదా."

కుర్చీలో ఖాళీగా కూర్చుంటే డ్యూటీ కాదు. అందువల్ల నాగేందర్‌కు ఒక పని అప్పగించారు. ఆఫీసు గోడ మీద తెల్ల బోర్డు ఉంది. అందులో ముప్పై రెండు గళ్ళు. రోజూ పొద్దున కంప్యూటర్‌లో చూసి, ఏ క్వార్టర్‌బ్యాక్‌కు ఏ అవయవం ఎలా ఉందో మార్కరుతో రాయాలి. నాగేందర్ ఇంటర్ వరకు చదివాడు, ఇంగ్లిషు అక్షరాలు గుండ్రంగా రాస్తాడు. గాయపడ్డ కాలును అట్టపెట్టె మీద పెట్టి, ఇతరుల కాళ్ళ గురించి రాసేవాడు. వారం తిరిగేసరికి మోకాలిలో ఎన్ని లిగమెంట్లు ఉంటాయో అతనికి తెలిసిపోయింది. మేనేజర్ అతని పనితీరును రెండుసార్లు మెచ్చుకున్నారు. పేరు అడగలేదు. మేనేజర్‌కు ఆటగాళ్ళు పేర్లతో తెలుసు, పనివాళ్ళు హెల్మెట్ మీది నంబర్లతో తెలుసు.

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి క్యాంపు మెస్‌లో మేనేజర్ ఆదేశం మేరకు టీవీలో ఆ ఆటే పెడతారు. పదిహేను వందల మంది పప్పు, రొట్టె తింటూ అర్థం కాని ఆట చూస్తారు. ఆ ఆదివారం ఒక క్వార్టర్‌బ్యాక్ పడిపోయాడు. నలుగురు డాక్టర్లు పరుగెత్తారు. టీవీలో ఐదో డాక్టరు ప్లాస్టిక్ కాలు పట్టుకుని చీలమండ పక్కన వేలు పెట్టి, ఇక్కడ నొక్కితే నొప్పి ఉంటే ఎముక విరిగినట్టేనని, అరగంటలో ఎక్స్‌రే తీస్తారని చెప్పాడు. నాగేందర్ తన కాలి మీద అదే చోట నొక్కుకున్నాడు. అతని కేకకు మెస్‌లో వాళ్ళు పాయింట్లు వచ్చాయనుకుని చప్పట్లు కొట్టారు.

పక్కన అతని రూమ్మేటు, క్రేనుకు బరువులు కట్టే రిగ్గర్ స్వామి ఉన్నాడు. ఇద్దరిదీ ఒకటే మండలం.

"చూసినవా? గాడు పడంగనే నలుగురు ఉరికిర్రు. నువ్వు పడ్డనాడు ఫోర్‌మన్ ముందుగాల చైన్ బ్లాక్ చూసిండు, ఇరిగిందా అని."

"గాడు బంతి ఇసురుతడు రా. నేనేం ఇసురుత?"

"ఇసరకు. పొద్దుగాల గా బోర్డు మీద నీ పేరు రాయి. ఈ కంపెనీల దెబ్బలు రాసేటి బోర్డు గదొక్కటే."

సోమవారం ఉదయం తెల్ల బోర్డు మీద ముప్పై మూడో గడి కనిపించింది. నాగేందర్. ఎడమ చీలమండ. మొదటి వారం దెబ్బ. ఎక్స్‌రే తీయలేదు. పరిస్థితి తెలియదు. జట్టు పేరు దగ్గర ఖాళీ.

మేనేజర్ ఎప్పటిలాగే బోర్డును ఫోటో తీసి పదకొండు మందికీ పంపారు. నాగేందర్ ఎవరని ఒక్కరూ అడగలేదు. అడిగితే తనకు తెలియదని పన్నెండు మందికీ తెలుస్తుంది. యాన్బు ప్రాజెక్టు మేనేజర్ మాత్రం ఆ కుర్రాణ్ణి కాలేజీ రోజుల నుంచి గమనిస్తున్నానని రాశారు. హఫర్ అల్ బాతిన్ మేనేజర్ చెయ్యి బలమైనదే గాని అడుగులు తొందరపాటని అభిప్రాయపడ్డారు. నాలుగో వారం ముగిసేసరికి సీజన్ ధోరణి స్పష్టమైంది. నాగేందర్ లేని జట్టు ఇంతవరకు కోలుకోలేదని గణాంకాలు చెబుతున్నాయని ఇంకొకరు రాశారు. ఏ జట్టో రాయలేదు. యాన్బు మేనేజర్ అప్పటికే అతణ్ణి తన జట్టులోకి తీసుకున్నారు. రెండు వారాలుగా ఒక్క పాయింటు రాకపోయేసరికి, అతని తాజా పరిస్థితి ఏమిటో ఇరవై నాలుగు గంటల్లో తెలియజేయాలని జుబైల్‌కు సందేశం పంపారు.

మర్నాటి సమీక్షలో మేనేజర్ బోర్డు ముందు నిలబడి ప్రసంగించారు.

"మిత్రులారా! మూడు వారాలు గడిచాయి. ఎక్స్‌రే లేదు. ఒక మనిషి చీలమండను మూడు వారాలు ఇలా వదిలేసిన సంస్థను ఏమనాలి? ఆ మనిషి శరీరమే అతని జీవనోపాధి. అతని కుటుంబం అతని మీద ఆధారపడి ఉంది. అక్కడి డాక్టరు ఏం చేస్తున్నాడు? అక్కడి మేనేజరు అద్దంలో తన ముఖం ఎలా చూసుకుంటున్నాడు? మన కంపెనీలో ఇలాంటిది జరిగితే నేను ఒక్క రోజు కూడా ఈ కుర్చీలో కూర్చోను."

అందరూ చప్పట్లు కొట్టారు. మస్తాన్ వలీ ఆ మాటలను మినిట్స్‌లో రాసుకున్నాడు. మేనేజర్ బోర్డు రాసే మనిషి వైపు తిరిగి, ఇంతకీ ఈ సమాచారం ఎక్కడిదని అడిగారు.

నాగేందర్ అట్టపెట్టె మీది కాలును కొంచెం పైకెత్తాడు.

"సార్, ఐ యామ్ నాగేందర్."

సమావేశం వాయిదా పడింది.

మేనేజర్ తలుపు వేసుకుని రెండు గంటలు ఆలోచించారు. నాగేందర్ ఫిట్టరైతే గేటు దగ్గరి బోర్డు సున్నా అవుతుంది. పదకొండు మంది ముందు ఆయన పరువూ ఆ అంకెకే చేరుతుంది. నాగేందర్ క్వార్టర్‌బ్యాక్ అయితే ఈ రెండూ జరగవు. మేనేజర్ సాక్ష్యాధారాలను పరిశీలించి నాగేందర్ క్వార్టర్‌బ్యాక్ అని నిర్ధారించారు.

మధ్యాహ్నానికి కంపెనీ ఉద్యోగుల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఏర్పడింది. అది సెప్టెంబరు ఒకటో తేదీ నుంచి అమల్లో ఉంది. హాజరు పట్టీ నుంచి పదకొండు పేర్లు తీసుకున్నారు. అందులో స్వామి పేరు ఉంది. గదికి జట్టు చొక్కా వచ్చాక అతనికి తెలిసింది. మస్తాన్ వలీ గాయం నివేదిక తయారు చేశాడు. డ్యూటీ వేళలు ముగిశాక, క్యాంపు వెనక మైదానంలో, స్నేహపూర్వక పోటీలో, బంతి విసరబోతుండగా ఎదుటి జట్టు పడగొట్టడం వల్ల గాయం. ఎదుటి జట్టు ఎవరన్న గడిలో అడ్డగీత పెట్టాడు.

"సంతకం పెట్టు నాగేందరూ. పెడ్తే ఈ పొద్దే ఆసుపత్రి."

"నేను గా ఆట ఎన్నడు ఆడలేదన్నా."

"ఎవురాడినారు? ఆ యాన్బు దొర ఆడినాడా? ఆయప్పకు జట్టు లేదా?"

"పైపు పడ్డదని రాస్తే ఏమైతది?"

"నిజమైతాది. నిజానికి గడి లేదు నాయనా ఈ ఫారంలో."

"పెట్టకపోతే?"

"కుర్చీ ఉండాది."

నాగేందర్ సంతకం పెట్టాడు.

ఎక్స్‌రేలో ఎముక రెండు చోట్ల విరిగి, మూడు వారాల్లో వంకరగా అతుక్కుని ఉంది. దాన్ని మళ్ళీ విరిచి ప్లేటు వేస్తే తప్ప నిచ్చెన ఎక్కలేడని డాక్టరు రాశాడు. ఆపరేషన్‌కు ఇన్సూరెన్సు వాళ్ళు నివేదిక అడిగారు. చదివారు. పనిలో తగిలిన దెబ్బైతే ఇచ్చేవాళ్ళమని, ఇది ప్రమాదకర క్రీడ అని జవాబిచ్చారు. డాక్టరు వంకర కాలికి వంకరగానే కట్టు కట్టాడు. ఆ సాయంత్రం మేనేజర్ తెల్ల బోర్డు మీద ముప్పై మూడో గడిలో స్వహస్తాలతో 'ఈ సీజన్‌కు ఆడడు' అని రాశారు. యాన్బు మేనేజర్ అతణ్ణి జట్టులోంచి తీసేశారు. పాపం, ఆయనకు కూడా బాధే.

గేటు దగ్గరి బోర్డు కోటి దాటింది. అవార్డు సభలో మేనేజర్ ఈ గౌరవం ప్రతి కార్మికుడిదీ అన్నారు. అవార్డును తన గదిలో పెట్టుకున్నారు.

జుబైల్ తెలుగు సంఘానికి ఈ వార్త చేరడానికి రెండు రోజులు పట్టింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో తెలుగు క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడని, పైగా గాయపడ్డాడని తెలిసి సంఘం అత్యవసరంగా సమావేశమై సన్మానం తీర్మానించింది. శుక్రవారం మధ్యాహ్నం హాలు నిండింది. సంఘం అధ్యక్షురాలు ఉమాదేవి గారు మాట్లాడారు.

"మనవాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, సినిమాల్లో ఉన్నారు. స్పోర్ట్స్‌లో ఏరండీ అని అందరూ అంటుంటే నాకు చాలా హర్టింగ్‌గా ఉండేది. ఈరోజు ఆ లోటు తీరింది. నాగేందర్ గారి ఈ గాయం గాయం కాదు, మన జాతికి మెడల్!"

శాలువా కప్పారు. నిలబడమన్నారు. స్వామి పట్టుకుంటే నిలబడ్డాడు. మైకు ఇచ్చారు.

"నేను ఆట ఆడలేదమ్మా. హీట్ ఎక్స్‌చేంజర్ కాడ పైపు పడ్డది నా కాలు మీద. గదే జరిగింది."

హాలు మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"చూశారా, ఎంత సింపుల్ మనిషో!" అన్నారు ఉమాదేవి గారు కళ్ళు తుడుచుకుంటూ.

ఆ వీడియో జగిత్యాల చేరింది. నాగేందర్ భార్య సంధ్య ఫోన్ చేసింది.

"పనికి పోతున్నన్నవు, ఆడ ఆటలాడుతున్నవా?"

"పైపు పడ్డదే. నీకు ఆనాడే చెప్పిన గద."

"నువ్వొక్కనివి చెప్తివి. గీడ గంత మంది చెప్తున్నరు. పేపర్ల గూడ అచ్చింది."

సన్మానం జరిగిన రెండో వారంలో నాగేందర్‌కు ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. కారణం గడిలో ఫిట్టరు పనికి అనర్హుడు అని ఉంది. శంషాబాద్ విమానాశ్రయానికి డప్పులు, దండలు, ఒక బ్యానరు వచ్చాయి. బ్యానరు మీద నాగేందర్ ముఖాన్ని ఎవరిదో కండలు తిరిగిన ఒంటికి అతికించారు. జిల్లా క్రీడాభిమానుల నాయకుడొకరు మన బిడ్డ త్వరలోనే మైదానంలోకి దిగుతాడని ప్రకటించారు. పత్రికల వాళ్ళు, టీవీల వాళ్ళు ముప్పై మంది ఉన్నారు. బంతి చేతికిచ్చి విసురుతున్నట్టు పోజు పెట్టమన్నారు. పెట్టాడు.

సంధ్య జనాన్ని తోసుకుని వచ్చింది. ముఖం వైపు చూడలేదు. కింద కూర్చుని ప్యాంటు అంచు పైకి లాగి చీలమండ చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది ఆట దెబ్బ గాదు," అంది. "ఇనుము పడ్డ కాలు గిది. ఎవలన్న చూడుండ్రి."

ఫ్రేముకు అడ్డం వస్తోందని ఫోటోగ్రాఫర్లు ఆమెను పక్కకు జరగమన్నారు. జరిగింది. ఫోటో నడుము పైనుంచి తీశారు. బాగా వచ్చింది. మీరూ చూశారు.