మాట్లాడని డాక్టరు మీద ఫిర్యాదు

ఆ పొద్దున ఎస్తర్ చేయాల్సిన పనులు: బాపుకు కట్టు మార్పించాలి, మందులు తేవాలి, చెరుకు కోతకు మనుషులను పెట్టమని అన్నకు చెప్పాలి. అన్నిటికంటే ముందు, బాపు కాలు ఉంటుందో పోతుందో డాక్టరును అడగాలి.

నిజామాబాద్‌లోని ఆ ప్రైవేటు దవాఖానలో డాక్టర్ భానుప్రసాద్ రౌండ్స్‌కు వచ్చాడు. షుగర్ పుండుతో నల్లబడిన ఆమె తండ్రి ఏసుదానం కాలు చూసి, కాగితం మీద ఏదో రాసి, పెద్దగా నిట్టూర్చాడు.

"సార్, మా బాపు కాలు..."

"చూద్దాం," అని పక్క మంచానికి వెళ్లిపోయాడు.

ఆ నిట్టూర్పు విన్న ఎస్తర్ వరండాలోకి వచ్చింది. అన్న విజయ్ పాల్‌కు ఫోన్ చేసింది. "డాక్టర్ నోరే తెరుస్తలేడన్నా. జర ప్రార్థన పెట్టియ్యి."

విజయ్ పాల్ పాస్టరుకు చెప్పాడు. జనాన్ని పోగుచేయడానికి పాస్టరు చర్చి గంట కొట్టించాడు. ఎడపల్లి పక్కనున్న వాళ్ల ఊళ్లో ఆదివారం కాని రోజు గంట మోగిందంటే ఎవరో పోయారనే అర్థం.

మధ్యాహ్నానికల్లా రెండు ఆటోల జనం పూలదండలతో దవాఖాన ముందు దిగారు. ఊరి పెద్ద రాజనర్సు దారిలోనే ఫిర్యాదు రాయించాడు: 'డాక్టరు నిర్లక్ష్యం వల్ల ఏసుదానం చనిపోయినాడు.' దాన్ని దవాఖాన మేనేజరుకు ఇచ్చి వార్డుకు వచ్చేసరికి ఏసుదానం పెరుగన్నం తింటున్నాడు.

"ఏందే రాజనర్సూ, దండ ఎవలికి?"

రాజనర్సు దండను వీపు వెనక దాచాడు. "బతికే ఉన్నవా! పనులిడ్సిపెట్టి గింతమందిమి వస్తిమి. ఉత్తగెట్ల పోతం?"

మేనేజరు దగ్గరికి తిరిగి వెళ్లి, 'చనిపోయినాడు' కొట్టేయించి, 'డాక్టరు మాట్లాడలేదు' అని రాయించాడు. సాక్షిగా ఏసుదానమే వేలిముద్ర వేశాడు.

సంగతి తెలిసి భానుప్రసాద్ పరుగున వచ్చి, మొదటిసారి స్టూలు లాక్కొని కూర్చున్నాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పెద్దయ్యా, పొద్దున చెప్పనీకి నోరు రాలేదు. రెండు కాలివేళ్లు తీసెయ్యాలె. ఎందుకంటే..."

"సార్!" గుమ్మంలో మేనేజరు. "ఎంక్వయిరీ అయ్యేదాక ఈ పేషెంటుతోని మీరు మాట్లాడొద్దు."

"మాట్లాడలేదనే కదయ్యా వాళ్ల ఫిర్యాదు!"

"అందుకే సార్."

డాక్టరు లేచి వెళ్లిపోయాడు. ఎందుకో ఏమిటో చెప్పకుండా కొయ్యనియ్యనని, ఊరి నుంచి వచ్చిన విజయ్ పాల్ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఎంక్వయిరీ నాలుగు రోజులు నడిచింది. డాక్టరు తప్పేమీ లేదని తేలింది. అప్పటికి పుండు పాకి, రెండు వేళ్లతో పోయేదానికి పాదమే పోయింది.

మీరైనా ఆయన పేరు గుర్తుపెట్టుకోండి: చెరుకు రైతు ఏసుదానం. ఎంక్వయిరీ రిపోర్టులో బెడ్ నంబరు మాత్రమే ఉంది.