మూడో నంబరు ఇల్లు

ఆదివారం పొద్దున్నే వెళ్ళి ఐదు చోట్ల గుర్తులు పెట్టుకోవడం, ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తినడం, ఎనిమిదింటికి జనాన్ని వెంటేసుకుని పాతపేట చూపించడం. గైడు వేసుకున్న పథకం ఇంతే. పందొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారమూ ఇదే చేస్తున్నాడు కాబట్టి ఇందులో తేడా వచ్చే అవకాశం ఉందని ఆయనకు తోచలేదు.

గుర్తులంటే పెద్ద విశేషమేమీ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకరి గుమ్మానికి అడ్డంగా జనాన్ని నిలబెట్టి ఉపన్యాసం దంచుతుంటే, మేడ మీంచి బకెట్టెడు నీళ్ళు పడ్డాయి. అప్పటి నుంచి ఎక్కడ ఆగాలో ముందుగానే చూసుకుని, కాలిబాట రాళ్ళ మీద సుద్దతో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేసుకుంటున్నాడు. ఒకటి కనబడితే ఒకటో ఉపన్యాసం, రెండు కనబడితే రెండోది దానంతటదే నోట్లోంచి వచ్చేస్తుంది. తలెత్తి ఆ ఇళ్ళను చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

అయితే ఆ ఆదివారం మాత్రం మామూలు ఆదివారం కాదు. మామూలు యాత్రికుల్లో కలిసిపోయి ఒక పరీక్షాధికారి వస్తారని టూరిజం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ అధికారికి నచ్చితే సరే సరి. నచ్చకపోతే వచ్చే నెల నుంచి గైడు ఉండడు, చెవిలో పెట్టుకుంటే ఉపన్యాసం వినిపించే యంత్రం ఉంటుంది. ఉత్తరం చదివి గైడు నాలుగు రోజులు కుతకుతలాడాడు. అది అవమానమని భార్యతో అన్నాడు గానీ, అందులో ముప్పాతిక వంతు భయమే.

"తెల్ల సుద్ద ఏదీ?" అన్నాడు బయల్దేరుతూ.

"అయిపోయింది. ఎర్రదుంది, పట్టుకెళ్ళండి," అంది బడిలో పాఠాలు చెప్పే ఆయన భార్య.

"ఎర్రదా?"

"బోర్డు మీద తప్పులన్నీ నేను దాంతోనే దిద్దుతాను. ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు."

పాతపేటకు వెళ్ళి చూస్తే కాలిబాట లేదు. గొట్టాలు వేయడానికి రెండు రోజుల కిందటే తవ్విపోశారు. చేసేదిలేక గైడు అంకెలను గుమ్మాల పక్కన గోడల మీద, అరచేయంత పెద్దగా, స్పష్టంగా వేశాడు. రోడ్డు వెడల్పు చేస్తారన్న పుకారు ఆ వీధిలో నెల రోజులుగా తిరుగుతోందని ఆయనకు తెలియదు. తవ్విన వీధిలో, పొద్దున్నే, గోడ మీద ఎర్ర అంకె చూసిన మనిషికి ఏమనిపిస్తుందో ఆలోచించనూ లేదు.

ఎనిమిదింటికి ఏడుగురు వచ్చారు. వారిలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన చేతిలో నోటుపుస్తకం, జేబులో కొలత టేపుతో ఎవరితోనూ మాట్లాడకుండా నిలబడ్డాడు. పరీక్షాధికారి ఈయనేనని గైడు చూడగానే పోల్చేసుకున్నాడు. ఆయన పక్కనే నిలబడ్డ లావుపాటి ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, "ఎంత దూరం నడవాలండీ?" అనడిగింది.

"వాకింగ్ టూరమ్మా. నడవాలి," అని, గైడు కళ్ళద్దాలాయన కోసం ఎండ తగలని చోటు వెతికిపెట్టాడు.

ఒకటో నంబరు దగ్గర ఉపన్యాసం దివ్యంగా నడిచింది. ప్రతి ఉపన్యాసం చివరా ఆయన వాడే మాట ఒకటుంది. ఈసారి దాన్ని కళ్ళద్దాలాయన వైపు తిరిగి, గొంతు కాస్త వణికించి మరీ అన్నాడు. "కళ్ళారా చూసుకోండి. రేపీపాటికి ఇది ఉండకపోవచ్చు."

పందొమ్మిదేళ్ళుగా ఆ మాటకు జనం నిట్టూర్చేవారు. ఇప్పుడు పైన రెండు కిటికీలు టపటపా తెరుచుకున్నాయి. అదే సమయంలో కళ్ళద్దాలాయన టేపు తీసి గుమ్మం వెడల్పు కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. గుమ్మాలు కొలుస్తున్నారన్న కబురు గైడు కన్నా ముందే వీధి చివరికి చేరిపోయింది.

రెండో నంబరు ఇంటి ముందు ఒక బామ్మ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నువ్వు కూడా వీళ్ళతో కలిశావా నాయనా? ఇన్నేళ్ళుగా మా ఇంటి ముందే కదా బతికావు."

"ఒక్క ఐదు నిమిషాలు బామ్మా. చూసి వెళ్ళిపోతారు."

"ఐదు నిమిషాల్లో అయిపోతుందా! మా మావగారికి కట్టడానికి ఆరేళ్ళు పట్టింది."

బామ్మకు చాదస్తం ముదిరిందనుకుని గైడు ఉపన్యాసం మొదలుపెట్టాడు. 'రేపీపాటికి' అన్న మాట దగ్గరికి వచ్చేసరికి బామ్మ కళ్ళొత్తుకుంటోంది. అది తన గొంతులోని మహిమ అనుకుని ఆయన లోలోపల పొంగిపోయాడు. మోకాళ్ళావిడ మాత్రం, "నేనిక్కడే ఉంటానండీ, నావల్ల కాదు," అని బామ్మ పక్కన మెట్టు మీద చతికిలబడింది. ఒక మనిషి తగ్గినందుకు గైడు బాధపడలేదు. తీరా వెనక్కి తిరిగి చూస్తే ఆరుగురు ఉండాల్సిన చోట ఇరవై మంది ఉన్నారు. పరీక్షాధికారి ముందు ఇంతమంది తన వెంట నడవడం ఆయనకు పన్నీరు చల్లినట్టుంది.

మూడో నంబరును ఆయన పొద్దున దర్జీ కొట్టు పక్కన వేశాడు. దర్జీ దాన్ని తడిగుడ్డతో తుడిచి, బట్టలమీద గీతలు గీసే ఎర్ర సుద్దతో పక్కనున్న కాఫీ దుకాణం గోడ మీద అచ్చం అలాగే వేశాడు. కాఫీ దుకాణం వాడు దాన్ని తుడిచేసి, సుద్ద ఎక్కడ దొరుకుతుందా అని చూసి, అదే దర్జీ దగ్గర అడిగి పుచ్చుకుని, ఎదురుగా ఉన్న కొత్త మరుగుదొడ్డి గోడకు ఎక్కించాడు.

గైడు అంకె చూశాడు, ఆగాడు, మొదలుపెట్టాడు.

"ఒక మహాకవి ప్రతిరోజూ తెల్లవారుజామున ఇక్కడికే వచ్చేవాడు. గంటల తరబడి ఒంటరిగా కూర్చునేవాడు. రాకపోతే తల పట్టుకునేవాడు. వచ్చిందంటే మాత్రం లోకాన్నే మరిచిపోయేవాడు."

లోపలి నుంచి ఒకాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, అంతమందిని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడు, ఎన్నో ఏళ్ళ తర్వాత, గైడు తలెత్తి చూశాడు.

ఆయన నోరు పెగిలేలోగా వీధివీధంతా కళ్ళద్దాలాయన మీద పడింది.

"మాది మూడు తరాల కొట్టు సార్. ఈ మేడ మీదే కవిగారుండేది. ఆయన చొక్కా మా తాతే కుట్టాడు, కొలతలింకా ఉన్నాయి," అన్నాడు దర్జీ, పాత పుస్తకం విప్పుతూ.

"మాది అంతకన్నా పాతది," అన్నాడు రెండేళ్ళ కిందట దుకాణం తెరిచిన కాఫీవాడు.

ఒకావిడ తన తల్లి పెళ్ళినాటి ఫొటో పట్టుకొచ్చింది, వెనకాల అదే కిటికీ ఉంది చూడమని. ఇంకొకాయన గోడకున్న పగులు ఏ వరదలో వచ్చిందో చెప్పాడు. నాలుగూ ఐదూ నంబర్లు పడ్డ ఇళ్ళవాళ్ళు తమ గోడలు వదిలేసి ఇక్కడికే వచ్చి మొర పెట్టుకున్నారు. ఈ కథల్లో ఒక్కటీ గైడు ఉపన్యాసాల్లో లేదు.

"మా ఇల్లు కూల్చకండి సార్," అని చివరకు ఎవరో అసలు సంగతి అనేశారు.

కళ్ళద్దాలాయన హడలిపోయాడు. "నేనెందుకు కూలుస్తానండీ? అద్దె ఇల్లు వెతుక్కుంటున్నాను. మా ఆవిడ బీరువా ఏ గుమ్మంలోనూ పట్టడం లేదు. ఒక్కో ఇంటికీ తిరిగే బదులు ఇలా అందరితో పాటు చూడొచ్చని వచ్చాను."

ఈయన కాకపోతే అధికారి ఎవరు? మిగిలిన ఐదుగురినీ గైడు వరసగా చూశాడు. ఐదుగురూ నవ్వాపుకుంటున్నారు. ఆరో మనిషి అప్పుడు గుర్తొచ్చింది.

రెండో నంబరుకు పరుగెత్తాడు. మోకాళ్ళావిడ బామ్మ కుర్చీలో కాళ్ళు చాపుకుని టీ తాగుతోంది. ఒళ్ళో టూరిజం ఆఫీసు కాగితాలున్నాయి. కాగితాల నిండా రాత ఉంది.

"మేడం, ఒక్క అవకాశం ఇప్పించండి. ఇది తప్ప నాకు వేరే పని రాదు."

"కూర్చోండి," అందావిడ. "ఈ ఇంట్లో ఎవరెవరు పుట్టారో, ఎవరు అలిగి మేడెక్కారో బామ్మగారు చెప్పారు. అక్కడి గొడవంతా ఇక్కడిదాకా వినబడింది. ఇవన్నీ యంత్రంలో ఎక్కించడం మావల్ల కాదు. టూరు ఉంటుంది, మీరూ ఉంటారు."

గైడు లేచి దణ్ణం పెట్టబోయాడు.

"ఒకటే షరతు. మీరు తీసుకురండి, ఆపండి. మాట్లాడటం మాత్రం వాళ్ళకు వదిలేయండి."

పై ఆదివారం ఆయన తెల్ల సుద్ద కొనుక్కుని మరీ వెళ్ళాడు. దాంతో పని పడలేదు. వీధిలో ప్రతి గుమ్మం పక్కనా ఎవరికి వారే ఎర్రగా ఒకటో నంబరు వేసుకున్నారు, ఒక్క మరుగుదొడ్డి మాత్రం మూడోదిగానే మిగిలింది.