మైలతుత్తాన్ని అరిగించుకున్న కుక్కగొడుగు

సత్తియ్య పడవకు కుక్కగొడుగులు మొలిచాయట! పక్కింటి పాపాయిగారు పిట్టగోడ మీదుగా మా ఆవిడకు చెబితే, ఆవిడ కాఫీతోపాటు నాకు అందించింది. పీత కూడా బతకని మురుగు డ్రెయిన్‌ గట్టున ఇంత జీవం పుట్టిందంటే ఆ ఇంటికి ఏదో కలిసొస్తుందని పాపాయిగారి తీర్పట.

ఆ ఇంటికేం ఖర్మ? మొత్తం డెల్టాకే కలిసొచ్చిందంటాను నేను!

సంగతి వినండి. సత్తియ్యది ఆ డ్రెయిన్‌లోనే చేపల వేట. ఏటా పడవను ఒడ్డుకు లాగి చెక్కలు పుచ్చకుండా జీడినూనె పట్టించేవాడు. రొయ్యల చెరువుల్లో పోసిన మందులన్నీ డ్రెయిన్‌లోకి దిగాక చేపలు పోయాయి. వాటి వెనకే జీడినూనె కొనే స్తోమతా పోయింది. ఈసారి అతనికో ఉపాయం తోచింది. చెరువులో నాచును చంపే మైలతుత్తం, చెక్కకు పట్టే తెగులును చంపదా? చెరువుగట్టు మీద మిగిలిపోయిన తుత్తం తెచ్చి, నీళ్ళలో కలిపి, పడవంతా దండిగా పూశాడు. పడవ నీలంగా తేలి, వీధి నాటకంలో కృష్ణుడిలా మెరిసిపోయింది.

వానలు పడ్డాయి. కృష్ణుడి నడుము మీద కుక్కగొడుగులు లేచాయి!

కాలేజీలో బోటనీ చెప్పే జానకిరామ్‌గారిని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది. చెక్కను తినే కొన్ని జాతులు ఒంట్లోంచి ఒక యాసిడ్ వదిలి, తుత్తంలోని రాగిని గట్టి పలుకులుగా కట్టి పక్కన పడేస్తాయట. ఆ తర్వాత తాపీగా భోజనానికి కూర్చుంటాయట. ఇంకొన్నయితే పురుగుమందుల్నే ముక్కలు చేసి పారేస్తాయట.

పౌరుడంటే ఇదీ! కలెక్టరేట్‌కు అర్జీ పెట్టదు. నీళ్ళ సీసా పట్టుకుని టెస్టింగ్‌కు తిరగదు. విషం పోశారా, సర్దుకుంటుంది. మనకేం రోగం? డ్రెయిన్‌లో కాలు పెడితే దద్దుర్లొచ్చాయని ఆస్పత్రికి పరిగెత్తే జనాన్ని చూస్తే నాకు తల కొట్టేసినట్టవుతోంది. కుక్కగొడుగుకున్న ఓర్పు మనిషికి లేదా? బళ్ళో పిల్లలకు లెక్కలు మానిపించి, యాసిడ్ వదలడం నేర్పిస్తే పోలా?

ఈ సిద్ధాంతం నాకన్నా ముందే చెరువుల ఆసామి చంద్రరావుగారికి తట్టింది. మొన్న డ్రెయిన్ గట్టు మీద మీటింగు పెట్టారు. చెరువుల నీళ్ళు ఇటు వదలడం ఆపించమని, వచ్చిన ఆఫీసరుగారిని సత్తియ్య అడిగాడు. ఆపితే చేప తిరిగొస్తుందని అతని ఆశ. ఆపకపోతే వేట మానేసి, అదే చెరువుల మీద కాపలాకి కుదరాలి. ఆఫీసరుగారు అటూ ఇటూ చూశారు.

చంద్రరావుగారు కోప్పడలేదు. చెప్పులు విడిచి గట్టు దిగి, అక్కడే ఉన్న సత్తియ్య పడవ మీది ఒక కుక్కగొడుగును వేలితో సుతారంగా తట్టారు.

"నీళ్ళలో విషముంటే ఇది బతికేదా సత్తియ్యా? జీవం కనపడుతోంది కదయ్యా."

జనం తలలూపారు. ఆఫీసరుగారు రాసుకున్నారు. నేను చప్పట్లు కొట్టబోయాను.

సత్తియ్య భార్య వీరదుర్గ పడవ దగ్గరికి నడిచి, అంచు మీద బొటనవేలు నొక్కింది. టీలో ముంచిన బిస్కెట్‌లా చెక్క లోపలికి దిగిపోయింది.

"ఇది బతికేది నీళ్ళ వల్ల కాదండి. మా పడవను తిని బతుకుతోంది. మీలాగేనండి."