కుడి మోకాలు, రికార్డు ప్రకారం

మనిషి మోకాలి మీద తుది అధికారం ఎవరిదన్న ప్రశ్న మానవజాతి ముందు ఎప్పటి నుంచో ఉంది. మా ఇంట్లో మూడు రోజుల నుంచి ఉంది.

"తగ్గింది," అన్నారు మా మామ శాంతయ్య గారు, చేతిలో కాగితం పట్టుకొని.

"తగ్గల్యా," అంది మా అత్త హన్నమ్మ, చేతిలో మోకాలు పట్టుకొని.

"ఈడ తగ్గిందని రాసుండారు గదా."

"రాసినోళ్ళకు తగ్గుంటాది సార్. నాకు తగ్గల్యా."

(అత్త మామను సార్ అంటుంది. ఆళ్ళగడ్డ బడిలో ఆయన హెడ్మాస్టరు, ఆమె రెండో తరగతి టీచరు అయినప్పుడు మొదలైన పిలుపు. పెళ్ళయ్యాక మార్చుకొమ్మని ఉత్తర్వులేవీ రాలేదు.)

మామది తప్పని నేననను. ముప్పై ఎనిమిదేళ్ళు రిజిస్టర్లు నడిపిన మనిషి. పిల్లవాడు ఎదురుగా నిలబడి ముక్కు తుడుచుకుంటున్నా, రిజిస్టరులో ఆబ్సెంటు పడి ఉంటే ఆ పిల్లవాడు ఆ రోజు బడికి రానట్టే. ముక్కుకు లేని మినహాయింపు మోకాలికి ఎందుకుంటుంది?

ఆ మోకాలి చరిత్ర కొంత చెప్పాలి. రెండేళ్ళ కిందట అత్త కుడి మోకాలు వంగడం మానేసింది. నొప్పిని ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేకపోయింది మోకరించలేకపోవడాన్ని. యాభై ఏళ్ళుగా పొద్దున్నే మంచం పక్కన మోకాళ్ళూని ప్రార్థన చేసిన మనిషి కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది. "దేవునితో మాట్లాడినట్టే లేదు. పేరెంట్స్ మీటింగుకు పోయినట్టుండాది," అనేది. మళ్ళీ ఒక్కసారి మోకాళ్ళ మీద నిలబడితే చాలన్నది ఆమె కోరిక.

ఆ కోరిక కోసం మా ఇల్లు చేయని వైద్యం లేదు. జిల్లేడాకు వేడిచేసి కట్టాం. రాగి కడియం తొడిగాం. ముళ్ళ చెప్పులు తెచ్చాం. (వాటిని ఇప్పుడు నా కూతురు కీర్తన తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతుంది.) ప్యాపిలిలో ఒకాయన కాచే నూనె రాసిన నెల రోజులు మా ఇంటికి చుట్టాలు రాలేదు. నూనె వల్ల మాకు కలిగిన మేలు అదొక్కటే. గడివేముల ఆయన మోకాలు చూడకుండానే మోచేతికి కట్టు కట్టి, రెండూ ఒకే నరం అన్నాడు. పదిహేను రోజులు అత్త కుడి కాలు కుంటుతూ, కుడి చేయి వేలాడదీసుకొని తిరిగింది. చూసినవాళ్ళు పక్షవాతం అనుకొని ఆపిల్ పళ్ళు తెచ్చారు.

ఆ తర్వాత నంద్యాలలో 'ఉష్ణామృత ఉచిత పడక చికిత్సా కేంద్రం' తెరిచారు.

అక్కడ ఒక పడక ఉంటుంది. దాని మీద పడుకుంటే వీపు కింద వెచ్చని రాళ్ళు నలభై నిమిషాలు అటూ ఇటూ దొర్లుతాయి. చికిత్స పూర్తిగా ఉచితం. అత్త రోజూ తొలి బస్సుకు ఆళ్ళగడ్డలో ఎక్కి, టోకెన్ తీసుకొని, పడుకొని, మధ్యాహ్నానికి వచ్చేది. గంట బస్సులో నొప్పి పెంచుకొని, నలభై నిమిషాలు తగ్గించుకొని, మళ్ళీ గంట బస్సులో పెంచుకుంటే మిగిలేది ఎంతో మామ కాగితం మీద లెక్క వేసి చూపించారు. అత్త ఆ కాగితంలో పల్లీలు పోసుకుంది.

"లెక్క సరే సార్. ఇంట్లో నలభై నిమిషాలు నన్ను ఎవురు పండుకోనిస్తాండారు?"

(నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.)

కేంద్రానికి ఒక్కటే నిబంధన. పది రోజులు పడుకున్నవాళ్ళు మైకులో తమ అనుభవం చెప్పాలి. అందుకు ఒక ఫారం ఉంది. అందులో మూడు గడులు: వచ్చినప్పటి బాధ, ఇప్పటి ఆనందం, కృతజ్ఞత. నాలుగో గడి లేదు. పదకొండో రోజు, అనుభవాల ఇన్‌ఛార్జి భానుప్రియ అనే అమ్మాయి అత్త చేతికి మైకు ఇచ్చి, "హన్నమ్మమ్మా, సాక్ష్యం చెప్పుమ్మా," అంది.

జరగరానిది అక్కడే జరిగింది. అత్త చేతికి మైకు కొత్త కాదు. ఆ మాట కూడా కొత్త కాదు. మా చర్చిలో జబ్బు పడినవాళ్ళు సాక్ష్యం చెప్పేటప్పుడు, ఇంకా తగ్గకపోయినా, తగ్గిందనే చెప్తారు. ముందు నమ్మి చెప్పాలి, తర్వాత దేవుడు చూసుకుంటాడు. ఈ ఏర్పాటు అందరికీ తెలుసు. ఎవరైనా లేచి "సంపూర్ణ స్వస్థత పొందుకున్నాను" అంటే మేం ఆమేన్ అని, వాళ్ళు కూర్చోవడానికి కుర్చీ జరుపుతాం.

అత్త మైకు పట్టుకొని, కళ్ళు మూసుకొని, చర్చిలో చెప్పినట్టే చెప్పింది. "నా కుడి మోకాలు సంపూర్ణంగా బాగైంది. ఈ మోకాలి మీద నేను మల్లా నిలబడతాను." హాలులో అందరూ నిబంధన ప్రకారం మూడుసార్లు చప్పట్లు కొట్టారు. అత్త గోడ పట్టుకొని వేదిక దిగింది. దిగడం కేంద్రం వారు నెట్‌లో పెట్టిన వీడియోలో లేదు. నిడివి ఎక్కువైందట.

ఆ వీడియోను పదకొండు వేల మంది చూశారు. అందులో ఒకరు జీవధార ఆరోగ్య భద్రతా సంస్థ వారు.

ఎందుకంటే ఈలోగా డాక్టర్ హిమజ గారు ఎక్స్‌రే చూసి, "ఎడమ మోకాలు ఇంకా పదేళ్ళు పరిగెత్తుతుంది, కుడిది మాత్రం మార్చాల్సిందే," అన్నారు. మార్చాక మోకరించవచ్చా అని అత్త అడిగింది. మెత్తని దిండు వేసుకొని మెల్లగా ప్రయత్నించవచ్చన్నారు. అత్త ఆ సాయంత్రమే బీరువాలోంచి దిండు తీసి ఎండలో వేసింది. ఆపరేషన్ ఖర్చు మంజూరు చేయమని మేం జీవధార వారికి ఫైలు పంపాం. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. మామ చేతిలో ఉన్న కాగితం అదే.

'సదరు కుడి మోకాలు సంపూర్ణంగా నయమైనట్లు సదరు మోకాలి హక్కుదారు స్వయంగా, బహిరంగంగా, ఎవరి బలవంతమూ లేకుండా ప్రకటించి యున్నందున, నయమైన అవయవమునకు శస్త్రచికిత్స మంజూరు చేయుటకు వీలు పడదు.'

మా ఆయన ప్రభాకర్ సెలవు పెట్టాడు. అత్తను తీసుకొని ముగ్గురం నంద్యాల వెళ్ళాం. జీవధార ఆఫీసులో పూర్వ నయ నిర్ధారణాధికారి అని ఒక హోదా ఉంది. ఆ కుర్చీలో రాజశేఖర్ అనే మనిషి, మర్యాదస్తుడు, అత్తకు నీళ్ళు ఇప్పించాడు.

"తగ్గలేదంటారు," అన్నాడు.

"తగ్గల్యా అప్పా. చూడు, వంగదు."

"నేను చూడకూడదమ్మా. నాది కాగితాల సెక్షన్."

"మరి ఎవురు చూస్తారు?"

"నయం చేసినోళ్ళ దగ్గర్నుంచి నయం చేయలేదని పత్రం తేండి. ఫైలు కదులుతాది."

ఉష్ణామృతకు వెళ్ళాం. భానుప్రియ అత్తను చూసి కావలించుకుంది. తర్వాత అలమారంతా వెతికి మళ్ళీ వచ్చింది.

"మా దగ్గర తగ్గినోళ్ళ ఫారం ఒకటే ఉండాదమ్మా. తగ్గనోళ్ళు ఫారం అడగరు, రావడం మానుకుంటారు." కాసేపు ఆలోచించి, "మీకు ఇంకేదన్నా నొప్పి ఉంటే చెప్పండి, కొత్త కార్డు రాస్తా," అంది.

మళ్ళీ జీవధారకు. అప్పటికి భోజనాల వేళ. రాజశేఖర్ టిఫిన్ డబ్బా మూత పెట్టి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఎడమ మోకాలి గురించి మైకులో ఏమన్నా చెప్పినారా?"

"లేదప్పా. దానికేం నొప్పి లేదు గదా."

"మంచిది. దాని మీద ఏ రికార్డూ లేదు. దానికి దోవ ఉండాది."

దారి ఇది. సంస్థలో జత అవయవాల నిబంధన అని ఒకటుంది. మోకాళ్ళు జత. జతలో ఒకటి మంజూరైతే రెండోది విచారణ లేకుండా దానంతటదే మంజూరవుతుంది. కాబట్టి ముందు ఎడమ మోకాలికి అర్జీ పెట్టాలి. అది మంజూరై, వెనకే కుడిది కూడా వచ్చాక, ఎడమది మాకు వద్దని ఇంకో అర్జీ పెట్టుకొని, డాక్టరు గారి చేత కుడిది చేయించుకోవచ్చు.

"ఎక్స్‌రేలో ఎడమది బాగుంది గదా," అన్నాడు ప్రభాకర్.

"ఎక్స్‌రే డాక్టర్లు చూసుకుంటారు సార్. మేం నడక చూస్తాం. సోమవారం మా నడక పరిశీలకుడు మీ ఇంటికి వస్తాడు. పది అడుగులు నడిపిస్తాడు. నడుము నుంచి కిందికే చూస్తాడు, అంతకు మించి ఫారంలో లేదు. ఎడమ కాలు కుంటితే చాలు."

బస్సెక్కి ఆళ్ళగడ్డకు తిరిగొచ్చాం.

ఇంట్లో విషయం విని మామ మండిపడ్డారు. మూడు రోజులుగా రికార్డు పక్షాన నిలిచిన మనిషి, ఇప్పుడు బైబిలు పది ఆజ్ఞల పక్షానికి మారారు.

"తొమ్మిదో ఆజ్ఞ ఏందీ? పిల్లోళ్ళకు నువ్వే గదా నేర్పించింది. అబద్ధ సాక్ష్యం చెప్పకూడదు."

"మైకులో నేను చెప్పింది అబద్ధం కాదు సార్. నమ్మకం."

"మరి కుంటేది?"

అత్త కుడి మోకాలు రుద్దుకుంది.

"నాయనా, నువ్వు నోర్మూసుకుంటే పది అడుగులతో అయిపోతాది," అన్నాడు ప్రభాకర్. "అమ్మా, భుజం కొంచెం ఎడమ పక్కకు వంచల్ల. ఇట్ల."

మా ఆయన నట్టింట్లో కుంటి చూపించాడు. కీర్తన ఫోనులో తీసి, "నాన్నా, నువ్వు రెండు కాళ్ళూ కుంటుతాండావ్," అంది. మామకు ఉండబట్టలేదు. అబద్ధమైనా తప్పుల్లేకుండా చెప్పాలన్నది ఆయన సిద్ధాంతం. లేచి, ఎడమ కాలు ఎంత దూరంలో పడాలో చాక్‌పీసుతో గచ్చు మీద పది గీతలు గీశారు. ఆజ్ఞ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

రాత్రి కుటుంబ ప్రార్థనకు అందరం మోకాళ్ళూనాం. అత్త కుర్చీలో కూర్చుంది. మామ ప్రార్థన చేస్తూ అందరి ఆరోగ్యాల కోసం అడిగారు కానీ, ఏ మోకాలో చెప్పలేదు. ఆమేన్ అయ్యాక మేం లేస్తుంటే అత్త మెల్లగా అంది.

"సోమవారం పొద్దున్నుంచి నేను ఎడమ కాలు కుంటుతా. ఎవురూ నవ్వొద్దండి."

ఎవరూ నవ్వలేదు. కీర్తన ఒకసారి నడిచి చూపించమంది. అత్త కుర్చీ పట్టుకొని లేచి, గీతల మీదుగా వంటింటి గడప దాకా పది అడుగులు వేసింది. మామ వంగి, ఎడమ పాదం ప్రతి గీత మీదా సరిగ్గా పడుతుందో లేదో చూసి, బాగుందన్నారు.

ఎడమ కాలు కుంటాలంటే ఒంటి బరువంతా కుడి మోకాలి మీద వేయాలి. ఆ సంగతి ఆమె ముఖం చూస్తే తెలిసేది. ముఖం ఫారంలో లేదు.