సాలోమోను రాయి చూసిన పొద్దు

2001 మార్చిలో ఒక శనివారం పొద్దున సాలోమోను పెట్టుకున్న పని ఒక్కటే. ఎండ ముదరకముందే బహదూర్‌పల్లిలోని తన డాబా మీద కూర్చుని ఒక రాయి నాణ్యం తేల్చాలి. కుత్బుల్లాపూర్‌లో రాళ్ళు సానపట్టే కార్ఖానాలో ఇరవై ఏళ్ళుగా అతని పని అదే. కెంపులు, పచ్చలు చూసీ చూసీ విసిగిన కళ్ళకు ఈసారి కెనడా నుంచి కొత్త రకం వచ్చింది. కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో తిరిగిన నత్తలాంటి జీవి గుల్ల, మట్టిలో కూరుకుపోయి, రంగులు తిరిగే రాయిగా మారింది. పేరు అమ్మోలైట్.

"అమ్మో, లైటా?" అంది భార్య గంగమ్మ, కాఫీ గ్లాసు పక్కన పెడుతూ. "కరెంటు పోయినప్పుడు పనికొస్తదా?"

సాలోమోను వినలేదు. భూతద్దం కంటికి ఆనించి రాయిని మెల్లగా తిప్పాడు. ఎరుపు కరిగి ఆకుపచ్చ అయింది. ఆకుపచ్చ అంచున, అరుదుగా దొరికే నీలం ఒక్క క్షణం మెరిసి దాక్కుంది. కాలనీ, వీధిలో కూరగాయల బండి కేక, అన్నీ దూరమయ్యాయి. వెచ్చని సముద్రంలో ఆ గుల్ల తేలుతూ పోతోంది. దాని వెంట అతనూ పోతున్నాడు.

సరిగ్గా అప్పుడు వెనక మెట్లెక్కి వచ్చాడు యజ్ఞనారాయణ. తణుకు నుంచి వచ్చి, మేడ్చల్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తూ, పదేళ్ళుగా గాజులరామారంలో అద్దెకుంటున్న మనిషి. సాలోమోను ఇంటికి ఎదురుగా సిద్దిరాములు కట్టిన కొత్త ఇళ్ళ వరసలో ఒకటి కొంటున్నాడు. పదకొండింటికి అగ్రిమెంటు మీద సంతకం. ఆలోగా ఇల్లు చూసి ఎలా ఉందో చెప్పమని ముందురోజే సాలోమోనును అడిగాడు. నాణ్యం తెలిసిన కంటికి రాయైతేనేం, గోడైతేనేం అని అతని నమ్మకం. ఇప్పుడా కన్ను భూతద్దంతో సహా ఎదుటి ఇళ్ళ వైపే తిరిగి ఉంది. చేతిలోని రాయి వెనకనుంచి కనబడలేదు.

"చూస్తున్నారా? ఎలా ఉందంటారండీ?"

"పైకి మస్తు మెరుస్తాంది," అన్నాడు సాలోమోను తల తిప్పకుండా, నిద్రలో మాట్లాడినట్టు. "గానీ పైపొర మరీ సన్నం. దాని కింద ఒట్టి మట్టి."

యజ్ఞనారాయణ ఎదుటి గోడల వైపు చూశాడు. "పగుళ్ళేమైనా...?"

"ఒక్కటా రెండా! అన్నిట్ల బంక నింపి కప్పిండ్రు. నీళ్ళు తగిలితే పొర లేస్తది."

"ఇక్కడికి నీళ్ళెందుకొస్తాయండీ?"

సాలోమోను తీయగా నిట్టూర్చాడు. "ఎందుకొస్తయంటరేంది? ఇదంత ఒకప్పుడు నీళ్ళ కిందనే ఉండె."

యజ్ఞనారాయణ రెండేసి మెట్లు దిగాడు. కింద స్కూటరు దగ్గర భార్య అమ్మడు పసుపు, కుంకుమ పొట్లాలతో నిలబడి ఉంది.

"అమ్మడూ, మనం చెరువులో ఇల్లు కొంటున్నామే!"

ఆ కేక సంతకాలకు వచ్చిన మిగతావాళ్ళందరికీ వినబడింది. మొదటి ఇంటివాళ్ళు తాళంచెవితో గోడ గీకారు. సున్నం రాలింది. రెండో ఇంటివాళ్ళు బకెట్ నీళ్ళు కొట్టారు. ప్లాస్టరు అట్టులా లేచొచ్చింది. మాట మూడో ఇంటివాళ్ళ దగ్గరికి చేరేసరికి సాలోమోను మండలాఫీసు పంపిన మనిషైపోయాడు. డాబా మీద దుర్బీను పెట్టి చెరువు కొలుస్తున్నాడట.

సిద్దిరాములు రొప్పుతూ డాబా ఎక్కాడు. వెనకే మెట్ల నిండా జనం.

"సాలోమోనన్నా! నన్ను పరేషాన్ చేస్తున్నవేందే? గిది చెరువు జాగ అని నీకెవలు జెప్పిండ్రు?"

సాలోమోను సముద్రంలోంచి సగమే బయటికొచ్చాడు. చెరువు మాట చెవిన పడలేదు. చెప్పిందెవరన్న ప్రశ్న ఒక్కటే వినబడింది.

"ఎవలు జెప్పాలె? రాయే జెప్తాంది," అన్నాడు మెత్తగా. "మట్టిల ఎంత లోతున దాసినా, రాయి ఒకనాడు బయటపడ్తది రాములూ."

సిద్దిరాములు గోడ పట్టుకుని కూలబడ్డాడు.

"హద్దురాయి దొరికిందా! చెరువు హద్దురాయిని ఆరడుగుల గుంత తీపిచ్చి నేనే పాతిపెట్టించిన గదనే! నాలుగో ఇంటి వంటింటి కింద!"

మెట్ల మీది జనం వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టారు.

"నాలుగోది మాదేనండీ," అన్నాడు యజ్ఞనారాయణ నీరసంగా.

ఆ రోజు ఒక్క సంతకమూ పడలేదు. జనం సిద్దిరాములును చుట్టుముట్టి కిందికి తీసుకుపోయాక, యజ్ఞనారాయణ సాలోమోను రెండు చేతులూ పట్టుకున్నాడు. "మా ఇల్లు చూసి చెప్పి, మమ్మల్ని కాపాడారండీ!"

"ఏ ఇల్లు సార్?" అన్నాడు సాలోమోను, అప్పుడే లేచినవాడిలా. పిడికిలి విప్పి రాయి చూపించాడు.

యజ్ఞనారాయణ వంగి చూశాడు. రాయిలో రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్తున్నాయి. ఇద్దరూ దానిలోకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత సాలోమోను కాగితం తీసి 'రంగు ఘనం, పొర సన్నం, రెండో తరగతి' అని రాసుకున్నాడు.

ఆ వానాకాలం సిద్దిరాములు కొత్త ఇళ్ళలో కప్పలు మాత్రమే గృహప్రవేశం చేశాయి.