చుక్కమ్మకి సున్నా మార్కులు

ఒక పెద్ద అడవికి, ఏ గాలికి కొట్టుకొచ్చిందో గానీ, స్పానిష్ పాప్ పాటల పిచ్చి పట్టుకుంది. 'నేను నేనే, నాలా ఇంకెవరూ లేరు' అని ఆ పాటల అర్థమట. టూరిస్టు బంగ్లాలో పెరిగిన చిలక శేషగిరి అలా చెప్పి, వెంటనే కోచింగ్ సెంటర్ తెరిచాడు.

సంగీత మండలి అధ్యక్షుడు ఎలుగుబంటి భద్రయ్య ఉత్తర్వు వేశాడు. పొద్దున్నే కూసి అడవిని లేపే ఉద్యోగం ఇక ఏటా ఆత్మవిశ్వాస పరీక్ష పాసైనవాళ్లకేనట.

కౌజుపిట్ట చుక్కమ్మ గుండెల్లో రాయి పడింది. తరతరాలుగా ఆ పని వాళ్ల ఇంటిదే. గొంతు గరగరలాడే మాట నిజమే, కానీ ఆ కూత పోతే ఇంక తనకి మిగిలేదేముంది? పాపం, ఏడుస్తూనే కోచింగులో చేరింది.

"తాళం మూడో దెబ్బకి నడుం ఊపాలి. ఐదో దెబ్బకి ముక్కెత్తి 'నాలా ఎవరూ లేరు' అనాలి. అందరూ ఒక్కలాగే అనాలి," అన్నాడు శేషగిరి.

"నాలా ఎవరూ లేరని అందరూ ఒక్కలాగే ఎలా అంటారు మాస్టారూ?"

"సిలబస్‌లో లేనివి అడక్కు చుక్కమ్మా!"

పరీక్షకి స్పెయిన్ నుంచి వలస వచ్చిన గాయని పిట్ట మరిసోల్ ముఖ్య అతిథి. నక్క, నెమలి, కోతి, ఎవరొచ్చినా అదే నడుం, అదే ముక్కు. పన్నెండో పాటకి అతిథి కునుకు తీసింది. అప్పుడొచ్చింది చుక్కమ్మ వంతు. బట్టీ పట్టిందంతా భయంతో మర్చిపోయి, రోజూ కూసే కూతే కూసేసింది.

మరిసోల్ ఉలిక్కిపడి లేచింది. "అబ్బ! ఇలాంటి గొంతంటే మావాళ్లు చెవి కోసుకుంటారు. ఈవిడే ఫస్టు!"

విదేశీ అతిథి మాట కాదంటే పరువు పోదూ? భద్రయ్య ఉద్యోగం ఇచ్చేశాడు.

మరుసటేడు శేషగిరి కొత్త గైడు తెచ్చాడు: 'నెలరోజుల్లో చుక్కమ్మ గొంతు'. అడవంతా గరగరే. పరీక్షలో చుక్కమ్మ ఎప్పట్లాగే కూసింది. భద్రయ్య గైడు తిరగేసి పెదవి విరిచాడు.

"గరగర చాల్లేదు. చుక్కమ్మలా లేదు. సున్నా."

"అయ్యా, చుక్కమ్మని నేనే కదండీ!"

"అంత ఆత్మవిశ్వాసం పనికిరాదమ్మా."

ఉద్యోగం శేషగిరికి దక్కింది. మర్నాడు అతను గైడు చూసి ఎంత గరగరలాడినా ఒక్కరూ లేవలేదు. అది చూసి ఒళ్లు మండి, చుక్కమ్మ తన పొదలోంచే గట్టిగా ఒక్క కూత పెట్టింది. అడవంతా దిగ్గున లేచింది. అందరికన్నా ముందు లేచిన భద్రయ్య, 'భలే లేపావయ్యా' అంటూ ఆవలిస్తూనే శేషగిరి మెడలో దండ వేశాడు.

నీతి: ఎప్పుడూ నీలాగే ఉండు, పరీక్షకి మాత్రం ఇంకెవరినైనా పంపించు.